పలచన పాలు

మన్సూరాబాద్,
ఫిబ్రవరి 19.

చిరంజీవి గజేందర్‌కు నీ నాయిన దీవించి రాసేది.

అందరం క్షేమం అని మొదటి వరుసలో రాయడం అలవాటు. ఇదివరకు ప్రతి ఉత్తరంలోనూ చేయి ఆగకుండా రాసేశాను. ఈసారి ఆ మాట దగ్గర కలం ఎత్తి చాలాసేపు కూర్చున్నాను. అందరం ప్రాణాలతో ఉన్నాం, ఆ మాట నిజం. నీ కవల బిడ్డలిద్దరూ ఉన్నారు, దవాఖానలోనే బరువు పెరుగుతున్నారు. ముందు దీన్ని పట్టుకుని స్థిమితపడు. మిగతాది నెమ్మదిగా చెబుతాను. సగంలో మడిచి జేబులో పెట్టుకోకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం నిన్న అందింది. మొన్న ఆదివారం నీ ఫోను రాకపోతే మీ అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీ మిలిటరీ పోస్టు దగ్గర మంచు ఎక్కువ పడితే లైను పోతుందని నువ్వు రాసింది నిన్న చదివి వినిపించాక గానీ కడుపునిండా తినలేదు. మీ దగ్గర వారానికి రెండు నిమిషాల ఫోను మాత్రమే. నేను చెప్పాల్సింది ఆ రెండు నిమిషాల్లో పట్టదు. పట్టినా నీ గొంతు వింటూ చెప్పే ధైర్యం నాకు లేదు.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. అమ్మ మోకాలు ఎట్లా ఉంది, పిల్లలు ఎంత బరువున్నారు, ఒక్క తల్లి పాలు ఇద్దరికి సరిపోతాయా, ఎనిమిదో తారీఖు ఆదివారం సౌందర్య ఫోను దగ్గరికి ఎందుకు రాలేదు. మొదటి మూడింటికీ జవాబు సులువు. నాలుగోదాని కోసమే ఇన్ని కాగితాలు తెచ్చుకున్నాను.

మోకాలు అట్లాగే ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అయినా కొత్తపేట రైతు బజారుకు పోవద్దంటే వినదు. బాలింత సౌందర్య తినాలని మెంతికూర, సొరకాయ, ఎల్లిపాయ సంచెడు మోసుకొస్తుంది. మెట్ల మీద ప్రతి అంతస్తుకూ ఆగి నన్ను తిడుతుంది. మోకాలు నాది కాకపోయినా తప్పు నాదే.

బరువు సంగతి. ఇవాళ పొద్దున పెద్దది పదిహేను వందల అరవై గ్రాములు, చిన్నది పన్నెండు వందల తొంభై. నువ్వు సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు చూసిన పిల్లలు కారు ఇప్పుడు. పెద్దదానికి కనుబొమ్మలు వస్తున్నాయి. చిన్నది చేతికి అందిన గొట్టమల్లా పట్టుకుని లాగుతుందని సిస్టర్లు దానికి చిన్న చిన్న గ్లౌజులు తొడిగారు. మొండిది, అచ్చం మీ అమ్మ.

ఇక పాల సంగతి. ఇది రాయడానికి నాకంటే తగినవాడు లేడనుకునేవాడిని. హయత్‌నగర్ అవతల మన ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్ కాలనీలకు ముప్పై రెండేళ్ళు పాలు పోశాను. మొదట సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద. చుక్క నీళ్ళు కలపలేదు. గేటు ముందు గిన్నె పెట్టి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు, నేను కొలిచేది కూడా చూసేవాళ్ళు కాదు. చుట్టూ ప్లాట్లు పడి గడ్డి కరువై బర్రెలను అమ్మేసిన రోజు కూడా పాలు తెలిసినవాడినన్న గర్వం నా దగ్గరే మిగిలిందనుకున్నాను.

దవాఖానలో మొదటి వారంలోనే ఆ గర్వానికి ఒక దెబ్బ తగిలింది. సౌందర్యకు మొదట వచ్చిన ముర్రుపాలు చెంచాడు కూడా లేవు. అండాలమ్మ అనే పెద్ద సిస్టర్ వాటిని సూది లేని సిరంజిలోకి పీల్చి, ఇద్దరికీ చుక్క చుక్కగా పంచింది. రెండు చుక్కల కోసం ఇంత తిప్పలా అని నేను నవ్వితే ఆమె నా వైపు తిరిగింది.

"నవ్వకు తాతా. గివి మామూలు పాలు కావు. నెలలు నిండకముందు కన్న తల్లికి పాలే వేరే వస్తయి. పెరగడానికి కావాల్సిన మాంసకృత్తులు ఎక్కువ, ఉప్పు జర ఎక్కువ, రోగాన్ని ఆపే శక్తి ఎక్కువ. బిడ్డ ముందుగాల పుట్టిందని పాలకు తెలుస్తది."

ఎన్ని బర్రెలు ఈనడం చూశాను, ఎన్ని గిన్నెల జున్ను వండించాను! దూడ తొందరపడి పుడితే తల్లి తన పాలు మార్చుకుంటుందా అని ఒక్కసారైనా ఆలోచించలేదు. సౌందర్యను ఇంటికి తెచ్చిన రోజు ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. సిగ్గుపడి చాయ్ పెట్టి ఇచ్చాను.

సరిపోతాయా అని అడిగావు. సరిపోతాయి. రోజుకు ఎనిమిది సార్లు మిషన్ పెట్టి పిండుకుంటే ఇద్దరూ తాగగా ఇంకా మిగిలేవి. నోటితో తాగే బలం లేదు కాబట్టి ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంలో పోస్తారు, రెండు గంటలకోసారి. ఇంత చిన్న పిల్లల ఎముకలకు తల్లిపాలు ఒక్కటే చాలవని అందులోనే ఒక పొడి కలుపుతారు. నీకు ఒకటి చెబితే నవ్వుతావు. తల్లిపాలలో వెన్న ఎంత ఉంటుందని డాక్టర్ గౌతమ్‌ను అడిగాను. నూటికి మూడున్నర, నాలుగు అన్నాడు. మన బర్రె పాలకు ఏడు లోపు వస్తే నేను పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాడిని. మనిషి పిల్లకు దేవుడు మీగడ తక్కువే రాశాడన్నమాట అనుకున్నాను. ఆ మాట నా మనసులో అట్లాగే ఉండిపోయింది.

సౌందర్య కుట్లు మానలేదు, రక్తపోటు ఇంకా దిగలేదు. అందుకని రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం మాత్రమే ఆటోలో దవాఖానకు వెళ్ళేది. మిగతా పాలు ఇంట్లో పిండి, పేరు, తారీఖు, టైము రాసిన చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేది. పొద్దున ఆరింటికీ సాయంత్రం అయిదింటికీ వాటిని ఐసు డబ్బాలో పెట్టుకుని స్కూటర్ మీద తీసుకుపోవడం నా పని. ఎల్బీనగర్ చౌరస్తా, కొత్తపేట, మెట్రో స్తంభాల కింద నుంచి దిల్‌సుఖ్‌నగర్. నేను ముప్పై రెండేళ్ళు తిరిగిన దారే. నిజం చెప్పనా, పరేషాన్‌లో కూడా నాకు సంతోషంగా ఉండేది. నా మనవరాళ్ళకు నేనే పాలు పోస్తున్నానని సిగ్నల్ దగ్గర పక్క స్కూటర్ వాడికి కూడా చెప్పాను.

జనవరి ఆఖరున చిన్నదాని పొట్ట ఉబ్బింది. దవాఖాన నుంచి ఫోను చేసి, "పాలు అరుగుతలేవు, ఒక రోజు ఆపుతున్నం" అన్నారు. ఒకటిన్నర రోజు దానికి సెలైనే. తర్వాత పొట్ట తగ్గి మళ్ళీ పాలు మొదలుపెట్టారు. గండం గడిచిందనుకున్నాం.

అసలు సంగతి అప్పుడే మొదలైంది. ఇద్దరి బరువూ ఆగిపోయింది. రోజుకు ఇరవై గ్రాములైనా పెరగాల్సిన పిల్లలు అయిదు పెరిగి పది తగ్గుతున్నారు. చిన్నది పదకొండు వందల పది దగ్గర మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. రక్తంలో ఏదన్నా చేరిందేమోనని పరీక్షలు, గొంతు దగ్గరి గ్రంథికి ఒక పరీక్ష, గుండెకు ఒకటి. ప్రతి పరీక్షకూ ఆ మడమ మీద ఒక సూది. నా బొటనవేలి గోరంత మడమ అది. పొడి పెంచారు, పాలు పెంచారు. బరువు మాత్రం కదల్లేదు. పదకొండు రోజులు పొద్దున్నే ఆ అద్దాల బయట నిలబడి కాంటా మీది అంకె చూసి ఇంటికొచ్చేవాడిని. తలుపు తీయగానే సౌందర్య ముఖం చూస్తే నాకు మెట్లు దిగి వెనక్కి పోవాలనిపించేది.

ఏడో తారీఖు శనివారం డాక్టర్ గౌతమ్ మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచాడు. మంచివాడు, గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆ రోజు పొద్దున నేను తెచ్చిన పాలను సన్నటి గాజు గొట్టంలో పోసి, గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టి, వెన్న ఎంత తేలుతుందో కొలిచారట.

"ఏమీ అనుకోకమ్మా," అన్నాడు. "మీ పాలలో కొవ్వు చాలా తక్కువగా ఉందండి. నూటికి ఒకటి కూడా రాలేదు. కొందరికి అలా ఉంటుంది, మీ తప్పేం కాదు. ప్రస్తుతానికి పాల బ్యాంకు నుంచి వేరే తల్లి పాలూ, నెల తక్కువ పిల్లల డబ్బా పాలూ ఇద్దాం."

సౌందర్య కొంగు తీసి భుజాల చుట్టూ గట్టిగా కప్పుకుంది, అంతే. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే మాట రాలేదు. ఎందుకు రాలేదో ఇంకొంచెం ముందుకు పోయాక చెబుతాను.

ఆ సాయంత్రం మీ అమ్మ వెల్లుల్లి కారం నూరుతూ తన ధోరణిలో తాను అంటూనే ఉంది. "మా వంశంల ఎవరికీ గిట్ల కాలే. పాలు పలచన. ఏం తింటది పిల్ల, పిట్ట తిన్నట్టు తింటది. ఇగ పిల్లలేం పెరుగుతరు?" సౌందర్య పక్క గదిలోనే ఉంది. తలుపు తీసే ఉంది. నేను పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం చదవలేదు, ఒక్క మాట అనలేదు.

మరునాడు ఆదివారం నీ ఫోను. మీ అమ్మ ఫోను పట్టుకుని పిలిస్తే సౌందర్య బాత్రూములోకి పోయి నల్లా తిప్పింది. స్నానం చేస్తోందని నీకు చెప్పింది నేనే. అబద్ధం. తన పాలలో సత్తువ లేక నీ బిడ్డలు ఎండిపోతున్నారని నీకు ఎట్లా చెప్పాలో తెలియక ఆ పిల్ల నల్లా నీళ్ళ చప్పుడులో ఏడుస్తోంది. నీ నాలుగో ప్రశ్నకు సగం జవాబు ఇది.

మిగతా సగం. సోమవారం ఆమె రెండుసార్లే పాలు పిండింది. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చినట్టుగా ఉంటే వేడి నీళ్ళ గుడ్డ పెట్టుకుని కూర్చుంది. మంగళవారం పొద్దున ఏడున్నరకు మీ అమ్మ రైతు బజారుకు వెళ్ళింది. నేను వంటింట్లోకి పోయేసరికి సౌందర్య సింకు దగ్గర నిలబడి ఉంది. ఫ్రిజ్‌లోని డబ్బాలన్నీ గట్టు మీద వరసగా పెట్టి ఒక్కొక్కటే మూత తీసి వంచుతోంది. తెల్లటి పాలు జాలీలోకి దిగిపోతున్నాయి. గజేందర్, నా జీవితంలో క్యాను ఒలకడం చూశాను, బర్రె తన్ని బకెట్టు దొర్లడం చూశాను. కావాలని పాలు పారబోయడం మాత్రం ఆ రోజే చూశాను.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"పారబోస్తున్న మామా. సత్తువ లేని పాలు దేనికి? పిల్లలు వేరే తల్లి పాలు తాగుతున్నరు గద. ఇగ పిండుడు బంద్ చేస్త. వారం దినాలల్ల అవే ఎండిపోతయి."

"జర ఆగు. పారబొయ్యకు. నీ పాలు మంచియే."

"డాక్టరు చెప్పిండు గద మామా."

"డాక్టరుకు తెల్వదు. మీగడ నేను తీసిన."

రాసేశాను. ఇక దాయడానికి ఏమీ లేదు, మొత్తం చెబుతాను.

చిన్నదాని పొట్ట ఉబ్బిన రోజు పాలు అరగడం లేదన్న మాట నా చెవిలో పడింది. ఫ్రిజ్ తెరిస్తే డబ్బాల్లో పాలు రెండుగా విడిపోయి ఉన్నాయి. కింద నీలంగా, నీళ్ళలాగా. పైన వేలి మందాన పసుప్పచ్చటి పొర. అరచేతిలో పట్టే పిల్లకు ఇంత మీగడ ఎట్లా అరుగుతుంది, దీనివల్లే పొట్ట ఉబ్బింది అనుకున్నాను. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు జ్వరం వచ్చి పాలు పడకపోతే ఆవు పాలు కాచి, మీగడ తీసి, పలచన చేసి నీకు పట్టింది నేనే. నువ్వు బతికావు, పెరిగావు, సైన్యంలో చేరావు. ఆ ధైర్యం ఒకటి. ఎవరినీ అడగలేదు. పాల సంగతి నేను ఇంకొకరిని అడగడమా?

స్టీలు చెంచా మరిగే నీళ్ళలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, పొద్దున అయిదింటికి ప్రతి డబ్బా మూత తీసి ఆ పొరను మెల్లమెల్లగా తీశాను. సాయంత్రం సౌందర్య పడుకున్నప్పుడు మళ్ళీ. నా చేయి ఎంత సాఫీగా ఆడిందో నాకే ముచ్చటేసింది, ఆ మాట కూడా ఒప్పుకుంటున్నాను. తల్లిపాలు కాలికింద పడకూడదని తీసిన మీగడను బాల్కనీలోని తులసి కుండీలో పోశాను. చీమలు పట్టాయి. చీమలెందుకు వచ్చాయని మీ అమ్మ అడిగితే ఎవరో చక్కెర ఒలకబోశారన్నాను. పదకొండు రోజులు, ఇరవై రెండు సార్లు.

తెలియక చేశానని నన్ను నేను ఊరడించుకోవచ్చు. కానీ శనివారం డాక్టరు నోటి నుంచి ఆ మాట వచ్చిన క్షణంలోనే నాకు మొత్తం తెలిసిపోయింది. ఆ గదిలో నిజం తెలిసినవాడిని నేనొక్కడినే. ఆ పూట నుంచి చెంచా ముట్టలేదు, నోరు కూడా విప్పలేదు. శనివారం, ఆదివారం, సోమవారం. నేను చేసిన పనికి ఆ పిల్ల తన ఒంటిని తిట్టుకుంటుంటే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అందుకు నా దగ్గర సాకు లేదు.

సౌందర్య చేతిలోని డబ్బా గట్టు మీద పెట్టింది. నల్లా కట్టేసింది. మీగడ ఎందుకు తీశావని తిడుతుందని నేను తల వంచుకుని ఉన్నాను. ఆమె అది అడగలేదు.

"శనివారం డాక్టరు చెప్తున్నప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గద మామా."

"ఉన్న."

"ఆదివారం ఆయన ఫోన్ చేసినప్పుడు గూడ ఇంట్లనే ఉన్నవ్."

"ఉన్న బిడ్డా."

"మరెందుకు చెప్పలే?"

"సిగ్గయింది."

ఇంకేం చెప్పను? అదే నిజం. పాలు తెలిసిన బిక్షమయ్య పిల్లల పాలు పాడుచేశాడని నలుగురికీ తెలుస్తుందని సిగ్గు. ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో, ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూసింది. తర్వాత చెప్పులు వేసుకుంది. ఆటోలో మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆమె రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

దవాఖానలో ఆమె అప్పటికప్పుడు పిండిన పాలను అండాలమ్మ మిషన్‌లో పెట్టి తిప్పింది. గొట్టంలో తెల్లటి గీత తేలింది. నూటికి నాలుగుకు పైనే. అండాలమ్మ ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, నా వైపు తిరిగింది. "ఎంత పని చేస్తివి తాతా," అంది. అంతకుమించి అనలేదు. అంటే బాగుండేది.

డాక్టర్ గౌతమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. "ఫ్రిజ్‌లో పెడితే మీగడ తేలుతుంది, డబ్బాను మెల్లగా తిప్పి కలిపి తీసుకురావాలని మేమూ చెప్పి ఉండాల్సింది. ఇక్కడ పిండిన పాలు కూడా ఒకసారి కొలిచి చూడాల్సింది. పొరపాటు మా వైపూ ఉంది పెద్దాయనా," అన్నాడు. ఆ మంచితనం నేను తీసుకోలేదు. మీగడలో ఏముంటుందో చెప్పమని అడిగాను.

"పాలు ఇచ్చే శక్తిలో సగం ఆ కొవ్వులోనే ఉంటుందండి. మాంసకృత్తులు, చక్కెర, రోగాన్ని ఆపేవి చాలావరకు కింద ఉన్న పాలలోనే ఉంటాయి. అందుకే జబ్బు పడలేదు, కానీ పెరగలేదు. ఇంకోటి. ఈ నెలల్లో మెదడు పెరుగుతుంది. దానికి కావాల్సిన కొవ్వు కూడా అందులోదే."

మెదడు అన్నాడు. నేను చెంచాతో తీసి తులసి కుండీలో పోసింది అది. ఏమన్నా లోటు మిగులుతుందా అని అడిగాను. మధ్యాహ్నం పూట తల్లి అక్కడే పిండి ఇచ్చిన పాలు పూర్తిగానే అందాయి, అదృష్టం అన్నాడు. తల కొలత మళ్ళీ పెరిగితే మంచి గుర్తేనట. అయినా ఇప్పుడే ఏదీ చెప్పలేనని, రెండేళ్ళ దాకా చూస్తూ ఉండాలని అన్నాడు. నీకు నేను దీన్ని తగ్గించి రాయడం లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. కూరగాయల సంచి చేతిలోంచి జారిపోయింది. "నీ ముంగటనే ఆ పిల్లను పలచన పాలదని అన్న గదయ్యా! నా నోరన్న ముయ్యకపోతివి!" అని తల కొట్టుకుంది. తర్వాత సౌందర్య దగ్గరికి పోయి ఆమె రెండు కాళ్ళ దగ్గర కూర్చుంది. లేపినా లేవలేదు.

ఆ మూడు రోజుల్లో పాలు మూడో వంతుకు పడిపోయాయి. అది ఇంకో దెబ్బ. పిండడం ఆపితే ఒళ్ళు పాలు చేయడం తగ్గిస్తుందట. సౌందర్య పంతం పట్టింది. రెండు గంటలకోసారి మిషన్, పిల్లల ఫొటో ఎదురుగా పెట్టుకుని. మధ్యాహ్నం దవాఖానలో చిన్నదాన్ని గుండె మీద పడుకోబెట్టుకుని గంటసేపు కూర్చుంటుంది. అట్లా చేస్తే పాలు వస్తాయట, వచ్చాయి కూడా. నిన్నటికి మళ్ళీ ఇద్దరికీ సరిపడా వచ్చాయి. బ్యాంకు పాలు ఆపేశారు. తల కొలతలు పోయిన వారం కంటే పెద్దదానికి ఒక సెంటీమీటరు, చిన్నదానికి ముప్పావు పెరిగాయి. నేను రోజూ అడుగుతుంటే అండాలమ్మ విసుక్కుని వారానికి ఒక్కసారే కొలుస్తామని చెప్పింది.

నీకు రాయమన్నది సౌందర్యే. "ఆయనకు నేను చెప్ప. నువ్వే రాయి మామా. ఏం రాసినవో నేను అడగ," అంది. నీకు కోపం వస్తే కోపంగానే రాయి. నేను పెద్దవాడినని, బాధపడతానని మెత్తగా చేసి రాయకు. ఒక్క పని మాత్రం చెయ్యి. వచ్చే ఆదివారం లైను దొరికితే ఆ రెండు నిమిషాలూ ఆమెతోనే మాట్లాడు. మేము ఫోను ముట్టుకోము.

పాలు ఇప్పుడు కూడా నేనే తీసుకుపోతున్నాను. వేరే మనిషి ఎవరున్నారు? ఆ మంగళవారం సాయంత్రమే సౌందర్య ప్రతి డబ్బా మూత చుట్టూ తెల్ల ప్లాస్టరు టేపు వేసి, సగం మూత మీద సగం డబ్బా మీద పడేలా పెన్నుతో సంతకం చేసి నా చేతికిచ్చింది. తొమ్మిది రోజులుగా అట్లాగే ఇస్తోంది. దవాఖానలో అండాలమ్మ సంతకం చెదరలేదని చూసి, అప్పుడు తీసుకుంటుంది. నేను పక్కన నిలబడి ఉంటాను.

ఇవాళ పొద్దున డబ్బాలకు టేపు లేదు. నేను చూసి ఆగాను.

"టేపు అయిపోయింది మామా," అంది సౌందర్య, నా వైపు చూడకుండా. "ఊకెనే తీసుకపో."

ఫ్రిజ్ మీద గోడ వారగా టేపు చుట్ట కనిపిస్తూనే ఉంది. ఇంకా సగానికి పైగా ఉంది. ఆమెకు కనపడకపోదు. మూడు అంతస్తులు దిగి, మందుల షాపు షట్టరు ఎత్తేదాకా నిలబడి, కొత్త టేపు కొని పైకి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత పళ్ళతో చింపి, ఒక్కొక్క మూత చుట్టూ వేసి, ఒక్కొక్క దాని మీద సంతకం చేసింది. అన్నీ అయ్యాక నేను డబ్బాలు తీసుకుని బయల్దేరాను.

ఇట్లు,
నీ నాయిన
బిక్షమయ్య